బ్రేకు మీంచి కాలు తీయని మనిషి

మా డ్రైవరన్నయ్య పోయారు. ఆ కబురు వదినే ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను అరకు బస్టాండులో, బయలుదేరబోతున్న బస్సులో టిక్కెట్లు కొడుతున్నాను. "సెల్లీ, మీ అన్నయ్య ఎలిపోనాడు" అంది. ఆ తర్వాత ఆమె ఏమందో వినబడలేదు. టిక్కెట్టు మిషను చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముందు సీట్లో కూర్చున్న ముసలమ్మ నా ముఖం చూసి, తన పక్కనున్న అల్లం బుట్టని కిందికి దించి, "కూకో గుంటా" అంది.

ఆయన నాకు తోడబుట్టినవాడు కాదు. ఆయన డ్రైవరు, నేను కండక్టరు. అరకు నుంచి కొండ కిందున్న కోట ఊరి దాకా ఒకే ఘాటురోడ్డు మీద ఏళ్ల తరబడి కలిసి తిరిగాం. ఆయనది గూడెం కొత్తవీధి అవతల ఓ కొండపల్లె. ఆ పల్లె నుంచి వచ్చి పెద్ద బస్సు స్టీరింగు పట్టిన మొదటి మనిషి ఆయనే. నేను మైదానం నుంచి పెళ్లి చేసుకుని అరకు వచ్చినదాన్ని. మా ఆయనది కిరాణా కొట్టు. డ్యూటీలో చేరిన మొదటిరోజే ఆ మలుపులకి నాకు వాంతులైపోయాయి. ఆయన అనంతగిరి దగ్గర బండి ఆపి, మొహం కడుక్కోమని నీళ్లిచ్చి, "రోడ్డు సూడకు సెల్లీ. దూరంగా ఆ కొండ సూడు, అది కదల్దు" అన్నారు. ఇప్పటికీ కళ్లు తిరిగితే అలాగే చేస్తాను.

బండి నడిపేటప్పుడు ఆయన ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. తమ ఊరి పండగపాట ఏదో పళ్ల సందున ఈలగా వేసుకునేవారు. రోడ్డుకి అడ్డంగా ఆవులు పడుకుంటే హారను కొట్టకుండా, అవి లేచేదాకా ఆగేవారు. ప్రయాణికులు విసుక్కుంటే, "దాన్రోడ్డే ఇది, మనమే మజ్జినొచ్చినాం" అనేవారు. మనిషి మాత్రం దిట్టం. టైరు పంక్చరైతే ఒక్కరే చక్రం విప్పి, ఒక్కరే బిగించేసేవారు. అలాంటి ఒంటికి జబ్బేమిటని మేమంతా అనుకున్నాం. ఆయనా అనుకున్నారు. అందుకే ఓ వానాకాలంలో అప్పుడప్పుడూ ఛాతీ రుద్దుకుంటున్నా, సోడా తాగి, "గ్యాసులే" అని మళ్లీ స్టీరింగు ముందు కూర్చునేవారు.

ఆ వానాకాలంలోనే ఓ సంత రోజు. బస్సు నిండా జనం, కోళ్లు, గుమ్మడికాయలు. వాన వెలిసి, రోడ్డంతా తడిగా ఉంది. అనంతగిరి దాటి దిగుతున్నాం. నేను వెనకాల టిక్కెట్లు కొడుతుంటే ఈల ఆగిపోయింది. బస్సు నెమ్మదించింది. లోయ వైపు కాకుండా కొండ వైపుకి ఒరిగి, ముందు చక్రం మెల్లగా పక్క కాలవలోకి దిగి ఆగింది. జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్లాను. ఆ చలిలో ఆయన చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో రొమ్ము పట్టుకున్నారు. ముఖం బూడిదరంగుకి తిరిగిపోయింది.

"అందర్నీ దింపీ సెల్లీ. బేగి."

"అన్నా, ఏటయింది?"

"దింపీ ముందు."

ఇంజను ఆపేశారు. హ్యాండుబ్రేకు లాగేశారు. అయినా బ్రేకు మీంచి కాలు తీయలేదు. నువ్వూ దిగు అన్నా అంటే, "నిండు బండి. వాలు మీదుంది. సక్రం కింద రాయెట్టించు" అన్నారు. ఒక్కో మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నారు. జనం దిగుతున్నారు. ఎవరో ఇద్దరు రాయి దొర్లించుకొస్తున్నారు. ఆయన కళ్లు మాత్రం పైనున్న అద్దంలో ఉన్నాయి.

"ఎనక సీట్లో పిల్లతల్లుంది. దిగినాదా?"

వెనక్కి తిరిగి చూశాను. పసిపిల్లని ఒళ్లో వేసుకున్న ఆ అమ్మాయి నిద్రమత్తులో ఇంకా అక్కడే కూర్చునుంది. పరుగున వెళ్లి దింపాను.

"దిగింది అన్నా."

"రాయెట్టినారా?"

"ఎట్టేరు."

అప్పుడు కాలు తీయబోయారు. రాలేదు. అది అక్కడే బిగుసుకుపోయింది. నేనూ, ఇంకొకాయనా కలిసి ఆ కాలుని చేతుల్తో ఎత్తి పక్కకి పెట్టాం. ఆ కాలు బరువు నా చేతులకి ఇప్పటికీ తెలుస్తూనే ఉంది. గుండె ఆగిపోతుందేమో అనిపించేంత నొప్పిలో ఒక మనిషి, తన బస్సులో ఎవరెక్కారో, ఎవరు దిగలేదో గుర్తుంచుకోవడమేమిటి!

బొర్రా గుహలు చూసి తిరిగి వెళ్తున్న ఓ కుటుంబం కారు ఆపింది. పిల్లల్ని తీసుకుని, కారు నడుపుతున్నాయన భార్య రోడ్డు మీదే దిగిపోయి, మమ్మల్ని ఎక్కించింది. వెనక సీట్లో ఆయన తల నా భుజం మీద ఉంది. కొంతదూరం వెళ్లాక నెమ్మదిగా అన్నారు.

"బయమేత్తంది సెల్లీ. సెయ్యొదలకు."

అంతకుముందు ఏ మగాడి నోటా నేను ఆ మాట వినలేదు. మా నాన్న అనలేదు, మా ఆయన అనలేదు. బ్రేకు మీంచి కాలు తీయని ధైర్యం కన్నా, ఆ మాట అనడానికి ఎక్కువ ధైర్యం కావాలేమోనని నాకప్పుడే అనిపించింది. కోట ఆసుపత్రిలో ఈసీజీ తీసి గుండెపోటేనన్నారు. మందులిచ్చి అంబులెన్సులో విశాఖపట్నం పంపారు. అక్కడ మూసుకుపోయిన రక్తనాళం తెరిచి స్టెంటు వేశారు. బతికారు.

తర్వాత ఆయనకి స్టీరింగు ఇవ్వలేదు. డిపోలో గ్యారేజీ పని ఇచ్చారు. బాధగా ఉందా అన్నా అని అడిగితే, "ఏడుపొత్తాది. బళ్లెలిపోతంటే కాళ్లు లాగుతాయి" అన్నారు. దాన్నీ దాచలేదు. బీడీలు మానేశారు. ఉప్పు చేప మానడానికి మాత్రం చాలా కష్టపడ్డారు, వదిన వండుతుంటే ఆ వాసనకి వీధిలోకి వెళ్లి నిలబడేవారట. డాక్టరు నడవమన్నారని తెల్లారగట్ల మంచులో మఫ్లరు చుట్టుకుని నడిచేవారు. డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే గదిలో, యాభై దాటిన ఏ మనిషైనా ఛాతీ మీద చెయ్యి వేస్తే చాలు, ఈయన పక్కన వచ్చి కూర్చునేవారు. "నొప్పికి పేరు నువ్వెట్టకు. డాక్టరెడతాడు" అనేవారు.

ఒకనాడు మా ఇంటికి టీకి వచ్చారు. మా ఆయన బియ్యం బస్తాలు దించి, ఛాతీ రుద్దుకుంటూ సోడా అందుకుంటున్నాడు. అన్నయ్య గ్లాసు కింద పెట్టేశారు.

"ఏటి బావా, ఎక్కడ నొప్పి?"

"ఏటీ లేదు బావా. గ్యాసు."

"ఆ పేరు నువ్వెట్టకు. పద."

"కొట్టు ఎవులు సూత్తారు?"

"మా సెల్లి సూత్తాది. నడవకు, ఆటో పిలుత్తాను."

ఈసీజీ తీశారు, రక్తం పరీక్ష చేశారు, సాయంత్రం దాకా ఉంచారు. గుండె బాగానే ఉంది, బస్తాలెత్తి కండరం పట్టేసింది, బీపీ మాత్రం ఎక్కువగా ఉందని బిళ్లలు రాశారు. ఇంటికొచ్చి మా ఆయన ఒకటే గొణుగుడు. బస్తా నొప్పికి ఆసుపత్రికి వెళ్లానని ఊరంతా నవ్వుతుందట.

"నవ్వనీ" అన్నారు అన్నయ్య. "ఏటీ నేదని తెలిసింది. అది తెలుసుకోడానికే కదా ఎల్లినాం. నాకు తెలిసినప్పుడు నా ఎనకాల బస్సు నిండా జనం ఉన్నారు బావా."

మా ఆయన లేచి నీళ్లు తెచ్చుకుని బిళ్ల వేసుకున్నాడు. ఆ బీపీ బిళ్ల ఇప్పటికీ మానలేదు.

రిటైరయ్యాక ఆయన తన పల్లెకి వెళ్లిపోయారు. కాఫీ తోట చూసుకుంటూ, మనవలకి ఈల వేయడం నేర్పుతూ గడిపారు. చివరి రోజు సంగతి వదిన నాకు వాళ్ల అరుగు మీద కూర్చుని చెప్పింది. పొద్దున్న కుళాయి దగ్గరికి వెళ్తూ దారిలో కూర్చుండిపోయారట. ఆమెని పిలిచి, "ఇది ఆ నొప్పే" అన్నారట. బండి మీద రోడ్డు దాకా, అక్కణ్నుంచి అంబులెన్సులో.

"దాసలేదు సెల్లీ" అంది వదిన. "ఒక్క నిమిసం దాసలేదు. డాక్టర్లు సేసిందంతా సేసినారు. గుండె ఇంక సాలన్నాది." మళ్లీ తనే అంది. "దార్లో అడిగినాను, బయమేత్తందా అని. కొంచెమే అన్నాడు."

ఆయన పోవడానికి వారం ముందు వాన పడింది. కొండంతా కాఫీ పూత విచ్చుకుంది. కొమ్మకొమ్మకీ తెల్లగా, మల్లెల్లాంటి వాసన. ఆయన్ని మట్టి చేసి తిరిగి వస్తున్నాం. డిపో నుంచి చాలామంది వచ్చారు, కొందరు డ్యూటీ దిగి ఖాకీ బట్టల్తోనే వచ్చేశారు. ఏటవాలు దారి, సన్నటి కాలిబాట, ఒకరి వెనక ఒకరు. నడుమ ఓ పెద్ద వయసు డ్రైవరు ఆగిపోయాడు. రొమ్ము మీద చెయ్యి వేసుకుని, అందరికీ వినబడేలా, "ఒరే, కాసేపాగండ్రా. నాకు ఆయాసంగా ఉన్నాది" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఏమీ కాదులే రా అని ఎవరూ అనలేదు. ముందు వెళ్లినవాళ్లు వెనక్కి వచ్చారు. ఒకాయన అతన్ని రాతి మీద కూర్చోబెట్టి చొక్కా గుండీ విప్పాడు, ఒకాయన నీళ్ల సీసా మూత తీశాడు, ఇంకొకాయన అప్పటికే ఆటోకి ఫోన్ చేస్తున్నాడు. మిగతావాళ్లంతా ఆ తెల్లటి పూత మధ్య, ఖాకీ బట్టల్లో, అతని ఊపిరి కుదుటపడేదాకా కదలకుండా నిలబడ్డారు.