మూడో బెల్టు

పక్కగోడల్లేని లారీలో ఇనుప గొట్టాలు మోసే ఆ డ్రైవరు ఎక్కడ ఆగినా, టీ కంటే ముందు సరుకు కట్టిన బెల్టుల్ని వేలితో మీటి చూస్తాడు. బిగువుంటే టంగుమంటుంది; వదులైతే ఉలకదు, పలకదు. ఇవాళ కొత్త కొలువు. తాళాలు అప్పగిస్తున్న ముసలి డ్రైవరు బండి చుట్టూ తిప్పుతూ, "వానలో బ్రేకు ఎడమకి లాగుతుంది తమ్ముడూ, జాగ్రత్త" అని ఒక్కో రోగం పూసగుచ్చినట్టు చెబుతుంటే ఇతను తలెత్తలేకపోయాడు.

నిన్న పాత బండి తాళాలు తను బల్లమీద గిరాటేసి వచ్చాడు. మూడో బెల్టుని బిగించే పిడి జారుతుందనీ, చెక్కముక్క దోపితేనే నిలుస్తుందనీ తనొక్కడికే తెలుసు. ఆ ముక్క కూడా జేబులో వేసుకొచ్చాడు. కోపం ఆ పాత యజమాని మీద. బండి తోలేది యజమాని కాదని అప్పుడు తట్టలేదు.

పక్కకెళ్లి, పాత బండెక్కిన కొత్త డ్రైవరుకి ఫోను చేశాడు. "లోడుతోనే ఉన్నానన్నా. నువ్వు తోలిన బండి కదా, ఇంకేం చూడకుండా బయల్దేరా" అన్నాడతను.

"పక్కకి ఆపు. దిగి బెల్టులు మీటి చూడు."

ఫోను చెవికి నొక్కుకుని విన్నాడు. మొదటిది టంగుమంది. రెండోదీ టంగుమంది. మూడోది ఉలకలేదు, పలకలేదు.