బస్సు దిగిన టీచరమ్మ

మా ఊరి టీచరమ్మ పోయారని ఆదివారం డోర్నకల్ నుంచి వచ్చిన మా చెల్లె చెప్పింది. చెప్పి, చెప్పులు విప్పకుండానే గడప మీద కూలబడింది.

నేను బడికి పోలేదు. బస్తాల మీది పేర్లు చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. వరంగల్ మట్టెవాడలో ఒక దుకాణంలో లెక్కలు రాస్తాను. మా ఇంట్లో చదువంటే చెల్లెదే.

ఆమె పదో తరగతిలో ఉండగా ఊరి బడిలో పోలీసు క్యాంపు పెట్టారు. మగపిల్లలు సైకిళ్ల మీద పక్క ఊరి బడికి పోయారు. ఆడపిల్లలు ఇళ్లలో ఆగిపోయారు. పగలు పోలీసులు, చీకటి పడితే అడవిలోంచి నక్సలైట్ అన్నలు. ఒకరితో మాట్లాడితే రెండోవారికి సంజాయిషీ చెప్పుకోవాలి. పెండ్లి చేసి పంపేద్దామని మా నాయన సంబంధాలు చూడసాగాడు. పరీక్షలయ్యేదాకా ఆగమని టీచరమ్మ ఇంటికి వచ్చి అడిగారు.

"పిల్లకేమన్నయితే ఎవలు జవాబు చెప్తరు టీచరమ్మా?" అన్నాడు నాయన.

"నేనే చెప్త. నా ఇంట్ల కూసోబెట్టి చదివిస్త."

నాయన ఒప్పుకున్నాడు. టీచరమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ప్రశ్నలడిగేవారు. తప్పితే కసిరేవారు కాదు. "మళ్ల చెప్పు, నాకు తొందర లేదు" అనేవారు.

పరీక్షలు వరంగల్‌లో. నలుగురు ఆడపిల్లలను మట్టెవాడలో తన అక్క ఇంట్లో ఉంచాలని బస్సెక్కించి, తనూ ఎక్కారు. ఒకరింట్లో కొన్నాళ్లు తినాలంటే మావైపు ఎవరి బియ్యం వాళ్లు తీసుకుపోతారు. మోయడం సులువని నలుగురి బియ్యం ఒకే సంచిలో పోశారు. అదే పొరపాటు. ఆ రోజుల్లో అంత బియ్యం ఎటు పోతున్నా అన్నలకేనని అనుమానం. దారిలో పోలీసులు బస్సు ఆపి సోదా చేసినప్పుడు సంచి చెల్లె కాళ్ల దగ్గర ఉంది. జమేదారు ఆమెను దింపాడు.

టీచరమ్మ కూడా దిగారు. కండక్టరుకు అక్క ఇంటి గుర్తులు చెప్పి మిగతా ముగ్గురినీ పంపేశారు. తండ్రి వచ్చేదాకా పిల్ల ఇక్కడే ఉంటుంది, నువ్వు పొమ్మన్నాడు జమేదారు.

"పిల్లనిడిసి నేను పోను సారూ. రేపు దీనికి తెలుగు పరీక్ష."

అక్కడే నేల మీద కూర్చుని పద్యాలు అడగడం మొదలుపెట్టారు. చెల్లె మొదటి పాదంలోనే తప్పింది. మళ్లీ చెప్పమన్నారు. తుపాకుల మధ్య, ఎండ వాలేదాకా, అడుగుతూనే ఉన్నారు. చివరికి జమేదారే విసిగిపోయాడు.

"ఈమె నోరు మూసేటట్టు లేదు. సంచి ఆడ పెట్టి పోండ్రి."

చెల్లె పది పాసైంది. నర్సు కావాలనుకున్నది మాత్రం కాలేదు. క్యాంపు లేవకముందే పెండ్లి చేశారు. అది టీచరమ్మ కూడా ఆపలేకపోయారు.

నాకు మిగిలింది ఆ పరీక్ష మొదటిరోజు పొద్దు. అప్పటికే మట్టెవాడ దుకాణంలో పనికి కుదిరిన నేను సద్ది పట్టుకుని పరీక్ష జరిగే బడికి పోయేసరికి గంట కొట్టారు. చెల్లె లోపలికి పోయి కనుమరుగయ్యేదాకా టీచరమ్మ నిలబడే ఉన్నారు. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా కూర్చున్నారు. కొంగుముడిలోని వక్క తీయబోతే ముడి రాలేదు. నేను విప్పబోయాను. వద్దని తల ఊపి, మూసిన గేటువైపే చూస్తూ ఉండిపోయారు.