వినని మాటకు ఆరు మార్కులు

ఆ ఆదివారం పొద్దున పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. పొయ్యికి మూరెడు దూరంలో కూర్చుని పేపరు చదువుతున్న ఆయన తల ఎత్తలేదు. పెరట్లో బట్టలారేస్తున్న భార్య రెండుసార్లు కేకేసి, లాభం లేక తనే తడిచేతులతో పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పింది.

"పాలు పొంగుతున్నాయని అరిస్తే వినబడని మనిషి, మధ్యాహ్నం ఎవరు బాగా మాట్లాడారో తేల్చడానికి వెళ్తున్నాడు," అంది గట్టు తుడుస్తూ.

"అక్కడ మైకుంటుంది."

"అటు మైకుంటే చాలా? ఇటు చెవి కూడా ఉండాలి కదా."

"పేపర్లో పడి వినలేదులే."

"నిన్న చేతిలో పేపరు లేదు. మొన్నా లేదు." ఆమె గుడ్డ పిండి తీగ మీద వేసింది. "డాక్టరు దగ్గరికి రమ్మంటే రారు. ఆ రీడింగ్ హాలు సెక్రటరీకి చెప్పమంటే చెప్పరు. ఎన్నాళ్లు దాస్తారండీ?"

"కుడిచెవి బాగానే ఉంది కదా," అన్నాడాయన, మాట తుంచేస్తూ.

అందులో సగమే నిజం, కుడిచెవీ కాస్త మందగించింది. పూర్తిగా పోయింది మాత్రం ఎడమచెవి. బస్టాండులో అనౌన్సరుగా ఆయన ముప్పై ఏళ్లు కూర్చున్న గదిలో ఎడమవైపు కిటికీ మీదే పెద్ద హారన్ స్పీకరు ఉండేది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఊరికంతా చెప్పిన గొంతు, ముందు ఆయన చెవిలోనే మోగేది. ఊళ్లో చాలామందికి ఆయన పేరు తెలియదు. గొంతు తెలియని వాళ్లు మాత్రం లేరు. అందరికీ ఆయన అనౌన్సరు గారే.

రిటైరయ్యాక రీడింగ్ హాలు వాళ్లు ఏటా పెట్టే ఉపన్యాసాల పోటీకి ఆయన్ని జడ్జిగా పిలిచారు. పనీపాటా చేసుకునేవాళ్లకు పెట్టిన పోటీ అది. గెలిచిన ఒక్కరే పెద్ద పోటీకి వెళ్తారు. పిలిచిన మొదటి ఏడే ఆయన సొంత బావమరిది పోటీకి దిగాడు. బావమరిదికి ఆయన వేసిన మార్కులు అందరికంటే తక్కువ. ఆ తర్వాత ఏ పెళ్లిలో కనబడ్డా బావమరిది స్తంభం చాటుకు పోయేవాడు. "నా పుట్టింటి గుమ్మానికి మీరే తాళం వేశారు," అని భార్య ఇప్పటికీ దెప్పుతుంది. ఊరు మాత్రం ఆ రోజు నుంచే ఆయన్ని నమ్మింది.

ఆయన తీర్పుకొక పద్ధతి ఉండేది. మొదట మాట్లాడినవాడి మార్కు పెన్సిలుతో వేసేవాడు. మూడోవాడు దిగేదాకా కొలత కుదరదని ఆయన లెక్క. మనసుకు నచ్చిన అభిప్రాయం చెప్పాడని ఎవరికీ ఒక మార్కు ఎక్కువ వేయలేదు. చప్పట్లు కొట్టేటప్పుడు కళ్లు కాగితం మీదికి దించుకునేవాడు. "చప్పట్లు చుట్టాలవి, మార్కులు మాటవి," అని కొత్త జడ్జీలకు చెప్పేవాడు.

కిందటేడు ఒక జడ్జి పక్కవాడి కాగితంలోకి తొంగి చూసి తన మార్కు దిద్దుకున్నాడని గొడవైంది. అప్పుడు కొత్త నియమాలు కావాలని పట్టుబట్టింది ఆయనే. జడ్జీలు ముగ్గురూ మూడు మూలల కూర్చోవాలి. ఎవరెక్కడో చీటీ తీసి తేల్చాలి. వచ్చిన చోటు ఎవరి కోసమూ మార్చకూడదు. ఒక జడ్జి మార్కుకూ మిగతా ఇద్దరి మార్కులకూ మూడు తేడా వస్తే ఆ జడ్జి కారణం చెప్పాలి. సెక్రటరీ అవన్నీ రాయించి హాలు తలుపుకు అంటించాడు.

మధ్యాహ్నం ఆయన తీసిన చీటీలో వెనక వరుస, కుడి గోడ పక్క కుర్చీ వచ్చింది.

అన్నేళ్లూ ఆయన ముందు వరుసలో ఎడమ చివరన కూర్చునేవాడు. అలా కూర్చుంటే కుడిచెవి వేదిక వైపు ఉండేది. ఇప్పుడు కుడివైపు గోడ, ఆ గోడకు ఆనించి గరగరమంటూ తిరిగే స్టాండు ఫ్యాను. హాలంతా ఎడమవైపే.

"ఏమైనా ఇబ్బందా అన్నగారూ?" అని అడిగాడు సెక్రటరీ.

చెప్పడానికి అదే అదును. కానీ తను పెట్టించిన నియమాలకు తలుపు మీద ఇంకా జిగురు కూడా ఆరలేదు. "ఏం లేదు," అని వెళ్లి కూర్చున్నాడు.

'నా పని నాకు నేర్పింది' అన్నది ఆ ఏటి విషయం. మొదటి ముగ్గురూ గొంతున్నవాళ్లే, గండం గడిచింది. నాలుగోవాడు కళ్లజోళ్ల షాపులో పనిచేసే కుర్రాడు. మైకు మింగేస్తాడా అన్నట్టు నిలబడి, పైకప్పు రేకులు అదిరేలా మాట్లాడాడు. ఒక్క మాట పొల్లు పోలేదు. ఆయన ధైర్యంగా తొమ్మిది వేశాడు.

ఐదో మనిషి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సు. ఆమె వచ్చి మైకు స్టాండును చేతితో కాస్త పక్కకు జరిపింది. పెదవులు కదలడం మొదలైంది.

ఆయనకు ఏమీ వినబడలేదు.

మొదట్లో గొంతు సర్దుకుంటోంది అనుకున్నాడు. ముందు వరుసల వాళ్లు కుర్చీల్లో ముందుకు వంగారు. ఎవరో దగ్గితే ఇద్దరు వెనక్కి తిరిగి ఉరిమి చూశారు. ఆయన గబుక్కున చెయ్యి చాచి ఫ్యాను కట్టేశాడు. ఫ్యాను ఆగింది, గరగర ఆగింది. అయినా చెవికి అందింది గోడ అవతల ఎవరో గొణుగుతున్నంత. తల తిప్పి కుడిచెవి అటు పెట్టాడు, అయినా మాట అందలేదు. వెనక వరుసలో ఒకావిడ ఆయన్ని వింతగా చూసింది. అంతలో హాలంతా ఒక్కసారి నవ్వింది. ఎందుకు నవ్విందో ఆయనకు తెలియదు. నవ్వు ఆగాక ముందు కూర్చున్న ప్లీడరు, ఆయనా జడ్జే, కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. ఎందుకో అదీ తెలియదు. చేతిలో కాగితం చెమటకు మెత్తబడింది.

ఆమె దిగిపోయింది. చప్పట్లు మాత్రం వినబడ్డాయి.

ఏం వేయాలి? మనుషుల ముఖాలు చూసి తొమ్మిది వేస్తే అది చప్పట్లకు వేసిన మార్కు. వినలేదని సున్నా వేస్తే తన చెవి తప్పుకు ఆమెకు శిక్ష. ఆరు ఎవరినీ చంపదు అనుకున్నాడు. ఆరు వేసి కాగితం మడిచాడు.

లెక్క కట్టింది వెనక గదిలో. చిరిగిన పుస్తకాల కట్టల మధ్య ఒక బల్ల చుట్టూ నిలబడ్డారు. సెక్రటరీ కూడిక పూర్తిచేసి కలం ఆపాడు.

"కళ్లజోళ్ల అబ్బాయికి ఎనిమిది, ఎనిమిది, అన్నగారిది తొమ్మిది. ఇరవై అయిదు. నర్సమ్మకి తొమ్మిది, తొమ్మిది, అన్నగారిది ఆరు. ఇరవై నాలుగు." కలం మొనను ఆ ఆరు మీద పెట్టాడు. "మూడు తేడా వచ్చింది. కారణం చెప్పాలి అన్నగారూ. మీరు పెట్టించిన నియమమే."

"గొంతు చాల్లేదు," అన్నాడాయన. "వెనకదాకా రాలేదు."

ప్లీడరు కనుబొమలు ఎత్తాడు. "రాకపోవడమేమిటండీ? నా వెనక పది వరుసలూ నవ్వాయి."

మూడో జడ్జి కాలేజీ లెక్చరరు. వయసులో చిన్నది, ఆయనంటే గౌరవం. ఆయన్ని వెనకేసుకొచ్చింది. "పోనిద్దురూ ప్లీడరు గారూ. బాబాయి గారికి మొదట్నుంచీ గట్టి గొంతులంటేనే ఇష్టం. ఊరందరికీ తెలిసిందే కదా."

"ఏం తెలుసు?" అన్నాడాయన.

"అదే బాబాయి గారూ. మా దగ్గర మాట్లాడడం నేర్చుకునేవాళ్లకి నేనే చెప్తాను. ఆయన జడ్జిగా ఉంటే విషయం సంగతి తర్వాత, ముందు రేకులు ఎగరగొట్టండర్రా అని." ఆమె నవ్వింది. "తప్పేముంది, ఒక్కో జడ్జిది ఒక్కో రుచి."

ఆయన నవ్వలేదు. ఈ నాలుగైదేళ్లలో గెలిచినవాళ్లు ఒక్కొక్కరే కళ్ల ముందుకొచ్చారు. వేలంపాట పాడేవాడు. వ్యాయామం మాస్టరు. నిరుడు గెలిచిన కూరగాయల కొట్టావిడ. అందరూ గొంతున్నవాళ్లే. ఓడినవాళ్లలో ఒక్కరి మాటైనా గుర్తు తెచ్చుకోబోయాడు. ముఖాలు గుర్తొచ్చాయి, మాటలు లేవు. మర్చిపోయినందుకు కాదు, అసలు చెవిన పడనందుకు. చెవి ఏ ఏడు పోయిందో ఆయనకే తెలియదు.

బయట జనం ఫలితం చెప్పమని బల్లలు చరుస్తున్నారు. సెక్రటరీ కారణం గడిలో 'గొంతు' అని రాయబోయాడు. ఆయన సెక్రటరీ మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు. నాకు వినబడలేదు. ఆమె మాట్లాడింది ఒక్క ముక్క నా చెవిన పడలేదు."

సెక్రటరీయే ముందు తేరుకున్నాడు. "ఆ దిక్కుమాలిన ఫ్యాను. నేనే తీయించాల్సింది. ఫ్యాను మోత అని రాస్తాను, మీ పరువు మీకు దక్కుతుంది."

"ఫ్యాను కట్టేసే విన్నాను. అయినా వినబడలేదు. ఎడమచెవి పోయింది నాకు. ఎప్పుడో పోయింది."

"పోనీ ఆమె చేత మళ్లీ మాట్లాడిద్దామా?" అంది లెక్చరరు మెల్లగా.

"మిగిలినవాళ్లకు రెండో అవకాశం ఇస్తావా? ఇవ్వవు కదా," అన్నాడు ప్లీడరు. "ఆమెకొక్కదానికి అనౌన్సరు గారి మార్కు తీసేసి మా ఇద్దరి సగటు వేద్దాం. సరిపోతుంది."

"సరిపోదు," అన్నాడాయన. "ఆమె మాట వినలేదని నాకు తెలుసు కాబట్టి ఆమెది తీసేస్తారు. మిగతావాళ్లవి నేను ఎంత విన్నానో, గట్టిగా ఉందని ఎంత మురిసిపోయానో నాకే తెలియదు. నా మార్కుల వరుస మొత్తం కొట్టెయ్. అందరిదీ."

సెక్రటరీ స్కేలు కోసం బల్ల సొరుగు వెతికాడు. తర్వాత, తనలో తను అనుకున్నట్టుగా, "మరి నిరుటివి?" అన్నాడు.

ఆ మాట మాత్రం ఆయనకు స్పష్టంగా వినబడింది.

సెక్రటరీ స్కేలు పెట్టి గీత గీశాడు. నర్సుకు పద్దెనిమిది, కళ్లజోళ్ల కుర్రాడికి పదహారు. "ఒక జడ్జి గారికి ఒంట్లో బాగోలేక అని చెప్తాను," అన్నాడు గడప దాటుతూ.

"నేను చెప్తాను," అని ఆయనే వేదిక ఎక్కాడు.

మైకు ముందు ఆయనకు ఎన్నడూ మాట తడబడలేదు. ఆ రోజు తడబడింది. తనకు చెవి సరిగా లేదనీ, ఆ సంగతి దాచి కూర్చున్నాననీ, తన మార్కులు లెక్కలోకి తీసుకోలేదనీ, ఇకముందు జడ్జిగా రాననీ చెప్పాడు. వెనకెక్కడో ఒకరు కిసుక్కున నవ్వారు. ఒకరు "మరి ఇన్నాళ్లూ?" అన్నారు. నర్సు పేరు పిలిచినప్పుడు ఆమె వచ్చి కప్పు అందుకుంది. ఆయన వైపు ఒకసారి చూసి మెట్లు దిగింది.

హాలు మెట్ల దగ్గర ఒక మనిషి ఆయన భుజం పక్కకు వచ్చి నిలబడ్డాడు. పెదవులు కదులుతున్నాయి. కళ్లజోళ్ల షాపు కుర్రాడు.

"ఆ వైపు వినబడదు బాబూ," అన్నాడాయన. "ఇటు రా."

కుర్రాడు చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చాడు. అరవలేదు. ఆ గొంతు ఇంత చిన్నదని ఆయనకు అప్పుడే తెలిసింది.

"నేను మామూలుగా ఇలాగే మాట్లాడతాను సార్. మా షాపులో ఎదురుగా కూర్చున్న మనిషికి తప్ప పక్కవాడికి వినబడదు నా మాట. మీరు జడ్జి అని, మీకు అరుపులే కావాలని అందరూ చెప్తే, షాపు మూశాక గోదాములో నిలబడి అరవడం నేర్చుకున్నాను. గొంతు పోయి రెండు వారాలు మందులు మింగాను. ఇలాగే మాట్లాడి ఉంటే గెలిచేవాణ్ణో లేదో నాకు తెలియదు. మీకూ తెలియదు."

"తెలియదు," అన్నాడాయన.

"ఇంకా ఉంది సార్."

"చెప్పు."

కుర్రాడు చెప్పసాగాడు. ఆయన మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, తల వంచి, కదలకుండా నిలబడి విన్నాడు.