కరెంటు బటన్

చాలా ఏండ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఎవరూ నా నెత్తిన పెట్టలేదు, నేనే ఎత్తుకున్నాను. మీరు నన్నెరుగరు కాబట్టి మీ ముందు దించుతున్నాను.

జడ్చర్ల దగ్గర ప్లాస్టిక్ సీసాలు చేసే కంపెనీలో నేను ఫోర్‌మన్‌ను. నేను దగ్గితే మిషన్లు ఆగేవి, కన్నెర్ర చేస్తే తిరిగేవి. అబద్ధం. చెవి పెట్టి వింటే ఏది చెడబోతోందో కొంత తెలిసేది, అంతే. కానీ రోజూ పొద్దున మేనేజరు చాయ్ ఇచ్చి, "ఇయ్యాల ఏది ఆపి చూద్దాం కాకా?" అని అడిగేవాడు. ఆ ఒక్క మాటకే నేను రాజును.

అప్పుడు మంజుల అనే కొత్త ఇంజనీరు వచ్చి గోడకు కంప్యూటర్ తెర పెట్టింది. మిషన్ ఆగితే కారణమేమిటో పనివాడు బటన్ నొక్కాలి: కరెంటు, సరుకు, రిపేరు. ముందు దేన్ని బాగుచేయాలో తెర చూసి తేలుస్తారు. ఇది నిలబడితేనే నా కొలువు పక్కా అవుతుంది కాకా, అని ఆమే నాకు చెప్పుకుంది. కొన్నాళ్లకే మేనేజరు చాయ్ ఆమె ముందుకు పోయింది. ప్రశ్న కూడా. నా బిడ్డ వయసు పిల్ల. నన్నొక్క మాట అన్నదా? లేదు. మరి నాకెందుకు కడుపు మండింది?

రిపేరు నొక్కితే తప్పు మీ మీదికే వస్తుంది, ఏది ఆగినా కరెంటే నొక్కండని పనివాళ్లకు నవ్వుతూ చెప్పాను. భయపడి అట్లనే నొక్కారు. తెర నిండా కరెంటే. మేనేజరు జనరేటరు బాగుచేయించాడు. పెద్ద మిషన్ గేరు మూలుగుతూనే ఉంది. రోజూ విన్నాను. విని ఊరుకున్నాను. ఒకనాడు అది పగిలింది, ఆర్డరు పోయింది. తెరను నమ్మి మునిగినమని మేనేజరు అందరి ముందే మంజులను తిట్టి, రేపటినుంచి రావద్దన్నాడు.

పోతూ నా దగ్గర ఆగింది.

"కాకా, గా గేరు సప్పుడు నీకు ఇనపడలేదా?"

"ఇనపడలే బిడ్డా. గిప్పుడు అన్నీ నీ తెరనే సూస్తది గద."

నా కళ్లలోకి చూసింది. తెలిసిందా ఆమెకు? తెలిసినా నిరూపించలేనని ఊరుకుందా? టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

ఈ కథనే నా తెలివిగా చెప్పి ఎందరినో నవ్వించాను, తెరను బోల్తా కొట్టించిన మొనగాడినని. తెర కాదు, బోల్తాపడింది ఒక ఆడపిల్ల బతుకు. దాన్ని తెలివి అనరు. ఓర్వలేనితనం అంటారు. ఆ పేరు ఇవాళే నా నోటితో పలికాను.