పెద్ద చక్రాలకు ఆవిడ పెట్టిన మేత

మా ఇంటావిడ పోయింది. కార్తీకం వెళ్లిన వారంలో, నాలుగు రోజుల జ్వరంతో. ఈ పత్రిక చదివేవారికి ఆవిడ తెలియదు. కానీ ఆవిడ చేసిన పని గురించి మీరు ఇక్కడే చదివారు. అది ఆవిడ చేసినదని నేను రాయలేదు. అప్పటికి నాకూ తెలియదు.

రెండేళ్ల కిందట పెద్ద చక్రాల బండి గురించి ఇక్కడ ఒక వ్యాసం రాశాను. వానాకాలంలో మా ఊరి దారంతా ఒండ్రు. ఇరుసు బురదకు తట్టి బండి ఆగిపోయేది. అందుకని చక్రాలు జానెడు పెద్దవి చేయించాను. వాటికి వెడల్పాటి ఇనుప పట్టాలు వేయించాను. ఇరుసు మీద దిమ్మలు పెట్టించి బండి ఎత్తు పెంచాను. రాజమండ్రి కాలేజీలో చదువుకున్న గణితం ఒకటి చేతిలో ఉండేది. పెద్ద చక్రం తక్కువసార్లు తిరుగుతుంది కాబట్టి ఎడ్లకు శ్రమ తక్కువని తేల్చాను.

కొత్త బండి వాకిట్లోకి వచ్చిన రోజు ఆవిడ తల పైకెత్తి చూసింది.

"రథంలా ఉందండీ," అంది.

నేను సంతోషించాను.

"రథమైతే ఏడాదికి ఒక్కరోజే లాగుతారు. దీన్ని రోజూ లాగాలి కదండీ."

"లెక్క వేశానులే," అన్నాను.

"మీరు వేసింది చక్రం లెక్క. మెడ లెక్క ఎవరు వేస్తారు?"

ఎడ్ల మెడలు ఆవిడకే తెలుసు. సాయంత్రం కాడి దించగానే వెళ్లి రెండు మెడల మీదా అరచెయ్యి ఆనించి చూసేది. వేడిగా ఉంటే ఆముదం, పసుపు కలిపి రాసేది. కుడితి తన చేత్తోనే కలిపేది. అంతా అయ్యాకే తను కాళ్లు కడుక్కునేది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఈ వరస తప్పినట్టు నాకు గుర్తు లేదు. గుర్తుండేంతగా నేను చూడనూ లేదు.

ఒక పంటకాలం పరీక్ష పెట్టాను. పాత బండికి ఎంత మేత పెట్టేవాళ్లమో అంతే పెట్టమన్నాను. రోజూ భోజనాల దగ్గర అడిగేవాణ్ణి.

"ఉలవలు ఎంత పెట్టావు?"

"మీరు చెప్పినంతేనండి."

అది కాగితం మీద రాసుకునేవాణ్ణి. ఎడ్లు చిక్కలేదు. తణుకు దాకా ధాన్యం లాగాయి. చక్రం ఎంత పెంచినా మేత పెరగదని వ్యాసంలో రాశాను. పిఠాపురం వైపు నుంచి ఇద్దరు రైతులు, తామూ బండ్లు ఎత్తించుకున్నామని ఉత్తరాలు రాశారు. వాటిని ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ విని, కుడితి కలపడానికి లేచింది.

ఆ రోజుల్లోనే గేదె పాలు తగ్గాయి. "నీ ధ్యాసంతా ఎడ్ల మీదే, గేదెను చూడటం మానేశావు," అని విసుక్కున్నాను.

"దానికి వయసైపోయిందండీ," అని నవ్వింది. "నాకు కాలేదా ఏంటి?"

అప్పటినుంచి ఆవిడ పెరుగు వేసుకోవడం మానేసింది. కఫం చేస్తోందంది. నాకు మాత్రం ఎప్పటిలాగే గరిటెడు పెరుగు వడ్డించేది. నేను తినేవాణ్ణి.

ఆవిడ పోయాక మేత నేనే కొలిచి పెట్టాను, రాసుకున్న కాగితం ప్రకారం. నెల తిరక్కుండా ఎడ్ల పక్కటెముకలు తేలాయి. ఒకరోజు ధాన్యం బండితో కాలవ గట్టు ఎక్కలేక మోకాళ్ల మీద కూలబడ్డాయి. పాలేరు మేత ఎత్తేస్తున్నాడనుకున్నాను. అతను మా ఇంట్లో నా పెళ్లికి ముందునుంచీ ఉన్నవాడు. అయినా పిలిచి అడిగేశాను.

 అతను అన్నాడు:

"ఎత్తేసినోళ్లు ఎవరూ లేరండి బాబుగారూ. పెట్టినోరే లేరు. మీరు చెప్పిన ఉలవలు కాక, గేదె తెలకపిండి కూడా అమ్మగారు ఎడ్ల కుడితిలోనే కలిపేసేవోరండి. ఆ బండొచ్చిన నెల నుంచీ అంతేనండి."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఒట్టేయించుకున్నారండి. తమరు పరీక్ష పెడుతున్నారని ఊరంతా చెప్పేసుకున్నారు కదండి. ఇప్పుడు తప్పంటే నలుగురిలో తలెత్తుకోలేరూ, పైగా ఎడ్లని మాడ్చలేనూ అన్నారండి."

అతనికి క్షమాపణ చెప్పాను. "ఆయ్, దానికేముందండి," అని తలపాగా సర్దుకుని వెళ్లిపోయాడు. అంతకంటే పెద్ద క్షమాపణ చెప్పుకోవాల్సిన మనిషి లేదు.

కాబట్టి నా వ్యాసం తప్పు. బురదలో పెద్ద చక్రం మేలు చేస్తుంది, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ బురద నాలుగు నెలలే. గట్టి దారి మీద ఆ చెక్క బరువూ ఇనుము బరువూ ఊరికే లాగడమే. బండి ఎత్తు పెరిగితే దిగుడులో బరువు ముందుకు ఒరిగి కాడి మీద పడుతుంది. ఆ బాకీని ఎద్దు మేతతో తీరుస్తుంది. మేత లేకపోతే ఒంటితో తీరుస్తుంది. మా ఇంట్లో ఎడ్ల వంతు గేదె తీర్చింది, గేదె వంతు ఆవిడ తీర్చింది. నా చెయ్యి తగలని చోట అంతా జరిగిపోయింది. నా మాట నమ్మి బండ్లు ఎత్తించుకున్నవారు దయచేసి ఈ సాయంత్రం ఎడ్ల మెడ మీద అరచెయ్యి ఆనించి చూడండి.

రెండేళ్లు పాలూ పెరుగూ లేని ఒంటికి జ్వరం ఎక్కువైందా అని వైద్యుణ్ణి అడిగాను. జ్వరానికి కారణం అది కాదన్నాడు. నేను అడిగింది కారణం కాదు. మళ్లీ అడగలేదు.

పాత చక్రాలు వెతికించి ఎక్కించాను. దిమ్మలు తీయించాను. గేదె తెలకపిండి గేదెకే పెడుతున్నాం. పాలు పెరిగాయి. దానికి వయసైపోలేదు.

నిన్న మధ్యాహ్నం మా అక్కయ్య వడ్డిస్తూ అడిగింది: "ఇంత పెరుగు మిగిలిపోతోందేంరా? మరదలు ఉండగా ఏం చేసేవారు?"

గిన్నె నా ముందుకు జరిపింది. పైన మీగడ మందంగా కట్టింది, ఎక్కడా గరిటె దిగిన గుర్తు లేదు. కఫం చేస్తోందని చెప్పి లేచాను.