నాలుగో సర్వర్

పద్మకుమారి ఇంటి చాకిరీ అంతా ఒక్కతే చేసి, పొద్దున్నే టెల్కో కాలనీలో బస్సు దిగి లారీల కంపెనీ కంప్యూటర్ గదిలోకి వచ్చేసరికే అలిసిపోయి ఉంటుంది. ఏసీ చలికి చీర మీద మొగుడి పాత స్వెట్టరు తొడుక్కుని, లారీల డిజైన్ల లెక్కలు చేసే ఎనిమిది సర్వర్ల లోడు గంటగంటకూ రిజిస్టరులో రాస్తుంది. రాసే ముందు, పిల్లల జ్వరం చూసినట్టు ఒక్కోదాని వెనక చెయ్యి పెడుతుంది. నాలుగోది ఎప్పుడూ కాలుతూనే ఉంటుంది. అది రెండుసార్లు ఆగిపోయి ఐదేసి రోజుల లెక్క పోయింది. గది తుడిచేటప్పుడు ఆమే వైరు కదిపిందన్నారు. మూడోసారి ఆగితే ఈ కాంట్రాక్టు ఉద్యోగం ఉండదన్నారు.

ఆ రోజు ఇంజనీరు రంగనాథ్ ఎప్పటిలాగే రిజిస్టరులో సగటు రాసిన చివరి గడి మాత్రమే చూశాడు. "సగటు ముప్ఫై శాతం. ఠీక్ హై కదా!"

పద్మకుమారి కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "సగటుకేటి సారూ, బాగానే ఉంటాది. నాలుగోది ఒక్కటే తొంభయ్యారు మోత్తంది. మిగతావి ఊరికే కూకున్నాయి. ఎక్కువ మోసేదాన్ని సగటుతో భాగించి చూడండి."

ఆయన భాగిస్తే మూడింతల పైనే వచ్చింది. పాత పేజీలు తిరగేస్తే ఆగిన రెండు రోజుల్లోనూ అంతే ఉంది. "వైరు కాదన్నమాట" అని గొణిగి, నాలుగోదాని పనులు మిగతావాటికి పంచాడు.

"ఈ లెక్క ఎవరు నేర్పారమ్మా?"

"మా ఇంట్లో ఐదుగురం సారూ. సగటు తీత్తే అందరం పనోళ్ళమే."

ఆమె నాలుగోదాని వెనక చెయ్యి పెట్టింది. వేడి మెల్లగా తగ్గుతోంది. చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు.