చూడనక్కర్లేని కొలను

ఆఫీసులో ఆమెను నత్తమ్మ అంటారు. ఒక్క బొత్తాం రంగు తేల్చడానికి మూడు రోజులు తీసుకునే మనిషిని ఇంకేమంటారు? యాప్‌లకు రూపం దిద్దడం ఆమె పని. ఈసారి అప్పజెప్పింది, మనసు కుదురు లేనివాళ్ళను పని మీద కూర్చోబెట్టే యాప్.

దానికోసం ఫోన్ తెర మీద చినుకులు పడుతూ వలయాలు కదిలే ఒక కొలనును నాలుగు నెలలు గీసింది. స్నానాలగదిలో బకెట్ నింపి, కొళాయిని చుక్కచుక్కగా వదిలి, వలయం పుట్టి అంచుదాకా పోయి చెదిరే తీరును పీట వేసుకుని గంటలకొద్దీ చూసేది.

"బయటికొస్తావా, బకెట్లో చేపలేమైనా పడ్డాయా?" అని అన్నయ్య భుజాన తువ్వాలుతో తలుపు బాదేవాడు.

తయారయ్యాక యాప్‌ను మొదట వదిన చేతిలో పెట్టింది. వదిన ఆసుపత్రిలో నర్సు. హెడ్ నర్సు పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారే ఆఖరు, నెల్లాళ్ళు కూడా లేదు. డ్యూటీ నుంచి వచ్చాక దొరికేది ఒక్క గంట. పుస్తకం తెరిచిందే తడవు, ఉతకాల్సిన బట్టలూ ఫోన్లో చూడని కబుర్లూ అన్నీ గుర్తొచ్చేవి.

ఆ సాయంత్రం గంట గడిచాక తొంగిచూస్తే, వదిన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఫోన్ వైపే చూస్తోంది. పుస్తకం మొదట తెరిచిన పేజీ దగ్గరే ఉంది.

"ఎంత బాగుందే అమ్మాయ్! ప్రాణం చల్లబడిందనుకో."

"మరి చదివావా?"

వదిన నాలిక కరుచుకుంది. "అయ్యో! చూస్తూ ఉండిపోయానే. నీ తప్పేం లేదు, నా బుర్రే అంత."

ఇంకొకరైతే ఆ మెప్పుతో పొంగిపోయేవారు. ఆమెకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. పెళ్ళికి వెళ్ళే మనిషి చంకలో తనే పిల్లిని పెట్టి పంపినట్టుంది.

మర్నాడు ఆఫీసులో మీటింగు. యాప్‌ను వాడి చూసిన ముప్పైమందీ తెర మీంచి కన్ను తిప్పలేకపోయామని రాసిచ్చారు. మేనేజరు అది చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె లేచింది.

"కొలను తీసేద్దాం సార్."

"తీసేయడమేంటి?"

"వాళ్ళు చూడాల్సింది పుస్తకాన్ని కదా. మనల్ని చూస్తున్నారు."

"అరటిపండు ఒలిచి చేతిలో పెడితే తొక్క కావాలంటావేంటమ్మా! ఖాళీ తెర ఎవరికి నచ్చుతుంది?"

"నచ్చనక్కర్లేదు సార్, వాళ్ళ పని సాగితే చాలు. ఒక్క వారం ఇవ్వండి."

"నత్తమ్మకి వారమా? గుమ్మం దాటేసరికే అయిపోతుంది!" అన్నారెవరో. అందరికంటే ముందు ఆమే నవ్వింది. వారం దొరికింది.

ఆ వారమంతా చెరిపింది. గీసినప్పుడు ఎంత ఓపికో, తీసేసేటప్పుడూ అంతే ఓపిక. చివరికి ఒక్క చినుకు మిగిలింది. తెర తాకితే ఒక వలయం లేస్తుంది, ఒక ఊపిరి తీసి వదిలేంత సేపు విచ్చుకుంటుంది, తెర నల్లబడిపోతుంది. గంట అయ్యేదాకా మళ్ళీ తాకినా ఏమీ రాదు. నాలుగు నెలల పనితనం ఆ నలుపు వెనక దాగిందని చూసినవాళ్ళకి తెలిసే దారే లేదు. తెలియాలని ఆమె అనుకోనూ లేదు.

వారం ముగిసిన సాయంత్రం వదినకిచ్చి, అరగంటకే ఆగలేక తలుపు తోసింది.

"ఎలా ఉంది వదినా?"

"ఏది?" వదిన తలెత్తలేదు.

"అదే, యాప్."

"ఏమో, చూడలేదు. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా! కాసేపు చదువుకోనివ్వవే తల్లీ."

పేజీ తిరిగింది. ఆమె చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి, అప్పుడే వచ్చి కేకేయబోతున్న అన్నయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

వదిన పరీక్ష గట్టెక్కింది. పలకరించడానికి వచ్చినవాళ్ళతో, "యాప్ లేదు గీప్ లేదు, నా అంతట నేనే కూర్చుని చదివాను" అని చెప్పుకుంది. పక్కనే మంచినీళ్ళ గ్లాసులు అందిస్తున్న ఆమె, "అవునండీ, వదిన కష్టమే" అంది. మర్యాదకు అన్న మాట కాదది.